ఇరవై ఆరు శనక్కాయ మొక్కలు

కొడవలూరు,
20 జూలై 2025, ఆదివారం

నా పని పోగొట్టింది నువ్వు, పిన్నీ. ఇంకెవరో కాదు, నువ్వు.

గురువారం పొద్దున మా మేనేజరు నరేంద్రబాబు గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తన ఫోన్లో ఒక ఉత్తరం చూపించాడు. పైన మీ బడి పేరు, కింద బడి ముద్ర, దాని పక్కన నీ సంతకం. "మార్గదర్శిగా ఉన్న వ్యక్తికి తగిన విద్యార్హత లేనందున, చిన్నపిల్లల భద్రత దృష్ట్యా, శుక్రవారం నాటి తోట సందర్శన వాయిదా వేయడమైనది." మూడుసార్లు చదివాను. ఆ వ్యక్తి నేనే కదా? నీ పక్కన కూర్చుని నీ పలక మీదే అక్షరాలు దిద్దుకున్న ధనలక్ష్మిని "వ్యక్తి" అని రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది?

ఫోన్ చేస్తే క్లాసులో ఉన్నానంటావు. సాయంత్రం చేస్తే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు, అసలు సంగతి అక్కడే ఉంటుంది. అందుకే కాగితం. సోమవారం, గురువారం చేపల తట్టతో ఇటు వచ్చే నాగులమ్మ అత్త చేతికిస్తాను. మొన్న గురువారం ఆమె కూడా రాలేదు. వానకి ఆగిపోయిందేమో.

నువ్వేం చెడగొట్టావో నీకు తెలియాలి. ఈ తోటలో రెండేళ్లుగా కలుపు తీస్తున్నాను, నీళ్లు పెడుతున్నాను. బళ్ల నుంచి చిన్నపిల్లలు బస్సుల్లో వస్తారు. వరసలో నడిపిస్తారు, ఫోటో తీస్తారు, బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి బస్సెక్కిస్తారు. ఒక్క పిల్ల ఒక్క ఆకు ముట్టుకోదు. ముట్టుకుంటే టీచరు చెయ్యి మీద కొడుతుంది. చూసి చూసి నాకు ఒళ్లు మండింది. ఒకరోజు వరస చివర ఉన్న పిల్లని ఆపి, కళ్లు మూసుకోమని, వావిలాకు నలిపి ముక్కు దగ్గర పెట్టాను. "మా అవ్వ!" అంది. ఆకు పేరు చెప్పలేదు, ఆ ఆకు వేసి కాచిన నీళ్లు పోసుకునే అవ్వ పేరు చెప్పింది. అట్లా మొదలైంది నా పిచ్చి. చెట్ల కింద పలకలు చూసి పేర్లు నేర్చుకున్నాను. ఆఫీసు బీరువాలో దుమ్ముపట్టిన పుస్తకాలు అడిగి తీసుకుని, నిఘంటువు ఒళ్లో పెట్టుకుని చదివాను. ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్లో నరేంద్రబాబు గారే అన్నాడు: "ఒక ప్రభుత్వ బడిని తీసుకురా ధనా. వాళ్ల టీచరు బాగుందని రాసిస్తే ప్రతి శుక్రవారం పిల్లల పని నీకే."

ఏ బడిని పిలవాలా అని ఆలోచించనే లేదు. జువ్వలదిన్నెలో మన బడి ఉంది, దానికి పెద్ద టీచరుగా మా పిన్ని ఉంది అనుకున్నాను. నా బుద్ధికి చెప్పుతో కొట్టాలి.

జూన్ ఒకటిన ఇరవై ఆరు శనక్కాయ గింజలు వేశాను. నువ్వు జాబితా పంపాక ఒక్కో మొక్క పక్కన ఐసు పుల్ల గుచ్చి ఒక్కో పిల్ల పేరు రాశాను. శనక్కాయకి పువ్వు పైన పూస్తుంది, కాయ కింద కాస్తుంది. పువ్వు వాడాక దాని మొదట్లోంచి సూదిలాంటి ఊడ ఒకటి కిందికి దిగి మట్టిలో గుచ్చుకుంటుంది. పిల్లలు చేత్తో మట్టి తోసి ఆ సూదిని పట్టుకుని చూడాలి. గింజ వేసిన నలభై అయిదు రోజుల నుంచి ఓ రెండు వారాలు అది బాగా దొరుకుతుంది. అందుకే పద్దెనిమిదో తేదీ పెట్టాను. నీ వీలు కోసమో నా వీలు కోసమో కాదు, మొక్క వీలు కోసం.

నీ ఉత్తరం చూశాక కూడా శుక్రవారం తొమ్మిదింటికి గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. మా పిన్ని అట్లా రాయదు, ఎవరో రాసి ముద్ర వేశారు, బస్సు వస్తుంది అనుకున్నాను. పదకొండింటికి నరేంద్రబాబు గారు వచ్చి, "ఇంక చాల్లే, పోయి పైపు పట్టుకో" అన్నాడు.

ఎందుకు చేశావు? గురువారం నాగులమ్మ అత్త వచ్చేసరికి జవాబు కావాలి.

ధనలక్ష్మి
(తగిన విద్యార్హత లేనిది)


జువ్వలదిన్నె,
23 జూలై, బుధవారం

మా ధనకి,

నీ ఉత్తరం చేపనీళ్లలో నాని వచ్చింది. రెండో పేజీలో ఇంకు కారిపోయింది, కోపం మాత్రం ఎక్కడా కారలేదు. ముందు అన్నం తిని చదువు. ఖాళీ కడుపుతో చదివితే ఇది కూడా తిట్టులాగే కనిపిస్తుంది నీకు.

నాగులమ్మ వానకి ఆగిపోయిందా? ఆషాఢంలో మన ఊళ్లో ఏం జరుగుతుందో నీకు నేను చెప్పాలా? పదిహేనో తేదీ రాత్రి గంగమ్మ జాతరకి చాటింపు పడింది. ఆదివారం కుండ సముద్రంలో కలిపేదాకా ఊరి బిడ్డ ఎవరూ పొలిమేర దాటకూడదని పెద్దలు దురాయి వేశారు. దాటితే ఆ ఇంటి పడవ వారం రోజులు నీళ్లలో దిగకూడదు. వేట నిషేధం తీసి నెలే అయింది. ఎవరు దాటుతారు? మీ అమ్మ నీకు పదో తేదీనే ఫోన్లో చెప్పిందట కదా, చాటింపు ఎప్పుడో. నువ్వు "ఈసారి రాలేనమ్మా, పనుంది" అన్నావట. ఆ పని మా పిల్లల్నే ఊరు దాటించే పని అని నీకు తట్టలేదా?

బడి పనికి దురాయి అడ్డం రాదనుకున్నాను. అయినా ఊరికే కూర్చోలేదు. బుధవారం పొద్దున్నే ఊరి పెద్దకాపు మాలకొండయ్య మామ ఇంటికి పోయాను. "పొద్దున పోయి మద్దేనానికి వచ్చేస్తాం మామా, బడి పనే కదా" అని బతిమాలాను. ఆయన వల అల్లుతూ తల కూడా ఎత్తలేదు. "బడి పిల్లోళ్లు గంగమ్మ బిడ్డలు కారా విజయా? నీకు నెల తిరిగితే జీతం వస్తాది. వాళ్ల నాయన్ల పడవ ఆగితే నువ్వు దించతావా?" అన్నాడు. సాయంత్రం మళ్లీ పోయాను. అప్పుడు "ఏందమ్మా, బడా మొండా!" అన్నాడు. వచ్చేశాను.

ఇక జాతర అని రాయకపోవడం సంగతి. మా పై ఆఫీసు నుంచి జూన్‌లోనే కాగితం వచ్చింది, ఊరి జాతరల పేరు చెప్పి బడి నడపకపోతే సంజాయిషీ ఇవ్వాలని. తోటకి రాసిన ప్రతిదీ ఆఫీసుకి నకలు పంపాలి. ఆ నాలుగు రోజులు బడికి వచ్చింది నలుగురు. జాతర అని నా చేత్తో రాస్తే నన్ను నేను పట్టిచ్చుకున్నట్టే. ఏదో ఒక కారణం రాయాలి కాబట్టి మీ తోట ఫారం ముందు పెట్టుకున్నాను. "మార్గదర్శి విద్యార్హత" అన్న గడి ఖాళీగా ఉంది. ఖాళీగా వదిలింది నువ్వే. అది రాశాను. నీ పేరు రాయలేదు. వాయిదా అన్నాను, రద్దు అనలేదు.

ఆ ఇంటర్ మిగిలిన రెండు పేపర్లూ కట్టి రాసెయ్యమని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను. రాసుంటే ఆ గడి ఖాళీగా ఉండేదా? చెప్పు.

మీ అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది. జాతరలో గంగమ్మ ముందు నీ పేరు కూడా చెప్పి దణ్ణం పెట్టింది.

నీ మంచి కోరే
విజయకుమారి పిన్ని


కొడవలూరు,
27 జూలై, ఆదివారం

జాతర పేరు రాయడానికి సిగ్గుపడి నా పేరు అమ్ముకున్నావు. నీ ఉత్తరం రెండుసార్లు చదివితే మిగిలింది అదే.

ముందు నా తప్పు రాస్తాను, తర్వాత నువ్వు ఎత్తి చూపకుండా. అమ్మ చాటింపు సంగతి చెప్పిన మాట నిజం. విన్నాను. కానీ అమ్మతో ఇంటి సంగతులు మాట్లాడతాను, నీతో బడి సంగతులు మాట్లాడతాను. రెండూ ఒకే ఊళ్లో, అవే పిల్లలకి జరుగుతాయని నా బుర్రకి ఎక్కలేదు. రెండేళ్లు ఊరు బయట ఉంటే ఇంత మతిమరుపు వస్తుందా అని నన్ను నేనే తిట్టుకున్నాను. సరే. అది నాది.

ఇప్పుడు నీది. చాటింపు పడింది మంగళవారం రాత్రి. మామ కాదన్నది బుధవారం. నాకు ఒక్క ఫోన్ చెయ్యడానికి ఏమైంది? "ధనా, జాతర వచ్చింది, వచ్చే శుక్రవారం పెట్టుకుందాం" అని పన్నెండు ముక్కలు కూడా లేవు. ఇరవై అయిదో తేదీకి కూడా ఊడలు బాగా దిగుతూనే ఉన్నాయి. నిన్ననే మట్టి తీసి చూశాను. నరేంద్రబాబు గారికి నేనే పోయి చెప్పేదాన్ని. ఆయన కూడా పల్లెటూళ్లోనే పుట్టాడు, జాతర అంటే ఏమిటో తెలియదా? కానీ నీకు నాకంటే ముందు ఆఫీసు గుర్తొచ్చింది.

ఆ ఖాళీ గడి. అవును, నేనే వదిలాను. ఫారం అరగంట చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఏం రాయాలి అందులో? పది పాసు అని రాస్తే నవ్వుతారు. ఇంటర్ తప్పు అని రాస్తే ఇంకా నవ్వుతారు. పిల్ల ఎర్రచీమల పుట్టలో చెయ్యి పెట్టకముందే పట్టుకోవడం తెలుసు, ఏ ఆకు పాలు కంట్లో పడితే మంటో తెలుసు, ఆరేళ్ల పిల్ల ఎంతసేపు ఒకచోట నిలబడుతుందో తెలుసు అని రాయడానికి అంత చిన్న గడిలో చోటు లేదు. నువ్వు నా సంగతి అందరికంటే ఎక్కువ తెలిసినదానివి కాబట్టి, ఖాళీగా పంపితే ఏదో ఒకటి మంచిగా నింపుతావనుకున్నాను. నువ్వు నింపావు.

రెండు పేపర్లు రాయమంటావు. రాస్తాను, రాయకపోతాను, అది నా ఇష్టం. ఆ పేపర్లు ఫిజిక్సు, ఇంగ్లీషు. ఫిజిక్సు పాసయితే వావిలాకు ఇంకా బాగా వాసనొస్తుందా?

నరేంద్రబాబు గారికి ఉత్తరం రాయి. నువ్వు రాసిన కారణం అసలు కారణం కాదని రాయి. అంతే అడుగుతున్నాను. నువ్వు పాడు చేసింది నువ్వే బాగు చెయ్యి.

ధనలక్ష్మి


జువ్వలదిన్నె,
3 ఆగస్టు, ఆదివారం

ధనా, బంగారూ,

రాశాను. శుక్రవారమే రాసి నరేంద్రబాబు గారి ఫోన్‌కి పంపాను. సంతోషమేనా?

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నిద్ర లేదు. అమ్ముకున్నావు అన్న మాట అనాల్సింది కాదు నువ్వు. కానీ ఫోన్ చెయ్యకపోవడం తప్పే. బుధవారం సాయంత్రం దాకా మామ మనసు మారుతుందేమోనని చూశాను, తర్వాత నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆఫీసుకి రాయడం సులువు, నీకు చెప్పడమే కష్టమైంది. ఇంతకంటే నన్ను అడగొద్దు.

ఆయనకి చాలా మర్యాదగా రాశాను, పేజీన్నర. "ధనలక్ష్మి మా అక్క కూతురు, నా చేతుల్లో పెరిగిన పిల్ల, ఎంతో వినయం గలది" (రాసేటప్పుడు నవ్వొచ్చింది), "కొన్ని అనివార్య కారణాల వల్ల వాయిదా పడిందే తప్ప ఆ అమ్మాయి మీద మాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు, దయచేసి పెద్దమనసుతో పనిలో కొనసాగించగలరు" అని. మాటలకి వెతుక్కోకుండా హాయిగా వచ్చింది ఉత్తరం. ఆయన వెంటనే ఫోన్ చేశారు. "మీ అక్క కూతురా? నాకు తెలియదే" అన్నారు ఆశ్చర్యంగా. మంచి మనిషిలాగే ఉన్నారు. "ఆ అమ్మాయి పని ఎక్కడికీ పోదు మేడమ్, నీళ్లు పెట్టడం, కలుపు తీయడం మామూలే" అన్నారు. విన్నావా? అనవసరంగా భయపడ్డావు.

నాగులమ్మ చేత ఎండు నెత్తళ్లు పంపుతున్నాను. మంచి ఎండలో ఎండినవి, ఇసుక లేదు. వంకాయలో వేసుకో. వచ్చే నెలలో ఏదో ఒక శుక్రవారం చూసి పిల్లల్ని తీసుకొస్తాను. ఇక ఈ గొడవ మరిచిపోదాం.

నెమ్మది పడిన మనసుతో
పిన్ని


కొడవలూరు,
6 ఆగస్టు, బుధవారం

ఇంతకుముందు సగం ముంచావు, ఇప్పుడు పూర్తిగా ముంచావు.

మనం చుట్టాలమని ఆయనకి ఎవరు చెప్పమన్నారు? సోమవారం పొద్దున అందరి ముందు అడిగాడు: "పిన్ని బడిని పిలిపించి, పిన్ని చేత బాగుందని రాయించుకుని, ఆ కాగితం నాకు చూపిద్దామనుకున్నావా ధనా? తెలివైనదానివే." తోటలో ఉన్న పదకొండు మందీ విన్నారు. నిన్నటిదాకా చదువు లేనిదాన్ని. ఇవాళ మోసగత్తెని కూడా. అసలు కారణం రాయమని అడిగితే "అనివార్య కారణాలు" అని రాశావు. మొదటి ఉత్తరంలో కారణం అబద్ధం, రెండో ఉత్తరంలో కారణమే లేదు. ఆ వినయం గలది అన్న మాట ఒక్కటి చాలు, ఇది చుట్టం రాసిన ఉత్తరమని ఎవరికైనా తెలియడానికి.

కలుపు తీసే పని పోతుందని నేను ఎప్పుడు ఏడ్చాను పిన్నీ? ఆ పని ఎవరికి కావాలి? నా పని అంటే పిల్లల పని. రెండు ఉత్తరాలు రాశాను నీకు, ఒక్క ముక్క అర్థం కాలేదా?

పిల్లల శుక్రవారాలకి జీవానందం సార్ అని ఒకాయన్ని పెట్టారు. వృక్షశాస్త్రం పెద్ద చదువు చదివాడు. చెడ్డవాడు కాదు. కానీ మొదటిరోజే నా మళ్ల చుట్టూ తాడు కట్టించాడు. పిల్లలు తాడు ఇవతల, మొక్కలు తాడు అవతల. ఆయన మైకులో ప్రతి చెట్టు ముందూ పలక మీద ఉన్నదే చదివాడు. ఒక పిల్లోడు, "సార్, చెట్టుకి దాహమైతే ఎట్టా తెలస్తాది?" అని అడిగాడు. ఎంత మంచి ప్రశ్న! నేనయితే పొద్దుటి నుంచి నీళ్లు పెట్టని కుండీ తెచ్చి వాలిపోయిన ఆకు వాడి చేత పట్టించి, నీళ్లు పోసి, అన్నాలు తిన్నాక మళ్లీ తీసుకొచ్చి చూపించేదాన్ని. ఆయన "ప్రశ్నలు చివర్లో" అన్నాడు. చివర్లో బస్సు హారన్ కొట్టింది. నేను పైపు పట్టుకుని పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నాకు వచ్చిన కోపానికి పైపు ఆయన మీదికి తిప్పలేదంటే అదే పెద్ద వినయం.

ఐసు పుల్లలు కూడా పీకేశారు. అందంగా లేవట. ఇరవై ఆరు పేర్లు కట్టగట్టి నా చేతికిచ్చారు. ఏ మొక్క ఎవరిదో నాకు మాత్రం తెలుసు.

నెత్తళ్లు బాగున్నాయి. అది వేరే సంగతి.

ధనలక్ష్మి


జువ్వలదిన్నె,
13 ఆగస్టు, బుధవారం

ధనలక్ష్మికి,

ఈసారి కోపం నాది. కూర్చుని చదువు.

ఆదివారం సాయంత్రం నీళ్లు పట్టుకోవడానికి బయటికొస్తే, ఎదురుగా చేపల ఆటో ఆగింది. అందులోంచి నాగులమ్మ, ఇద్దరు తల్లులు, మా బడి పిల్లలు ఏడుగురు దిగారు. ఐసు పెట్టెల మధ్య కూర్చుని హైవే మీద అంతదూరం పోయి వచ్చారట! మోచేతుల దాకా మట్టి, ఒళ్లంతా చేపల వాసన. నేను పిల్లల్ని తీసుకురానన్నానా? తొందరపడి నువ్వు నాగులమ్మకి చెప్పి పిల్లల్ని రప్పించుకుంటావా? లారీలు తిరిగే రోడ్డు ధనా అది. ఆ ఆటోకి తలుపు కూడా లేదు. ఏదైనా అయుంటే ఎవరు సమాధానం చెప్పాలి? సోమవారం ఒక పిల్ల తండ్రి బడికొచ్చి, "ఏం టీచరమ్మా, మా పిల్లను చేపల పెట్టెలో ఏసి పంపించినావంట?" అని అందరి ముందు అరిచాడు. నేను పంపలేదని చెప్పినా నమ్మలేదు. పిల్లల భద్రత అని అప్పుడు నేను అబద్ధానికి రాశాను. నువ్వు దాన్ని నిజం చేశావు.

ఇక ఇది రాయకపోయినా నీకు నాగులమ్మ చెప్తుంది కాబట్టి నేనే రాస్తున్నాను. అదే సోమవారం రెండో తరగతిలో మొక్కల పాఠం. శనక్కాయ దేనికి కాస్తుంది అని అడిగాను. అందరూ "వేరుకి టీచర్" అన్నారు. నేను నేర్పిందే. ఆటోలో పోయొచ్చిన ఏడుగురిలో ఒకతె, భానుప్రియ, లేచి నిలబడింది. ఆ పిల్ల నోరు తెరిచి మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"కాదు టీచర్. పువ్వు వాడిపోయినాక కిందికి దిగి మట్టిలో గుచ్చుకుంటాది. ఆడ కాస్తాది."

"ఎవురు చెప్పినారే నీకు?"

"ఎవురూ చెప్పలా. నేనే చూసినా. చేత్తో పట్టుకుంటే సూదిమాదిరి ఉండాది."

వెనక బెంచీ వాళ్లు నవ్వారు, టీచరునే తప్పంటుందని. నేను ఇంటికొచ్చి పుస్తకం తీసి చదివాను. పిల్ల చెప్పిందే నిజం. పంతొమ్మిదేళ్లుగా వేరుకి కాస్తుందని చెబుతున్నాను ధనా. పంతొమ్మిదేళ్లు. ఊళ్లో సగం మందికి నేనే చెప్పుంటాను. మంగళవారం క్లాసులో నిలబడి, "నిన్న నేను చెప్పింది తప్పు, భానుప్రియ చెప్పింది ఒప్పు" అని చెప్పాను.

కానీ పిల్లల ముందు ఒప్పుకోవడం వేరు, ఆఫీసు ముందు ఒప్పుకోవడం వేరు. నాకింకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. జాతర అని రాయమని నన్ను మళ్లీ అడగొద్దు. ఆటోల్లో పిల్లల్ని పిలిపించొద్దు. ఈ రెండూ వినకపోతే నీకూ నాకూ మాటలుండవు.

విజయకుమారి


కొడవలూరు,
17 ఆగస్టు, ఆదివారం

ఆటో సంగతిలో తప్పు నాదే. పూర్తిగా నాదే. నాగులమ్మ అత్తని ఏమీ అనకు, నేను బతిమాలితేనే తెచ్చింది. వాళ్లు దిగేటప్పుడు ఆ తలుపు లేని ఆటో చూసి, నేను కూడా పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. ఇంకెప్పుడూ చెయ్యను. ఆ పిల్ల తండ్రికి నేనే వచ్చి చెబుతాను, నిన్ను తిట్టినవి నాకు తగలాలని.

ఇప్పుడు ఆరోజు ఇక్కడేం జరిగిందో విను. ఆదివారం కదా, ఎవరూ ఉండరనుకున్నాను. తాడు విప్పేసి పిల్లల్ని మళ్లలో కూర్చోబెట్టాను. వాళ్లకి నేను పాఠమేమీ చెప్పలేదు. పువ్వు కింద ఏముందో చూడండి అన్నానంతే. ఆలస్యంగా పూసిన పూలకి ఇంకా ఊడలు దిగుతున్నాయి. ఏడుగురూ తలలు ఆనించి గుసగుసలాడుకుంటున్నారు. అప్పుడు నరేంద్రబాబు గారి బండి వచ్చింది. "ఏందిది? తాడు ఎవురు విప్పినారు?" అని అరుచుకుంటూ వచ్చాడు. పిల్లలు పారిపోతారనుకున్నాను. భానుప్రియ కదల్లేదు. "సారూ, మీరు చూసినారా?" అంది. ఆయన నా వైపు చూశాడు, ఆ పిల్ల వైపు చూశాడు, ఇస్త్రీ ప్యాంటుతో మట్టిలో గొంతుక్కూర్చున్నాడు. చూడలేదట ఎప్పుడూ. తోటకి మేనేజరై ఆరేళ్లయింది.

మరునాడు నన్ను పిలిచాడు. ఇరవై రెండో తేదీ శుక్రవారం పదింటికి తోట కమిటీ కూర్చుంటుంది. ఏడాది పొడుగునా పిల్లల శుక్రవారాలు జీవానందం సార్‌కా నాకా అన్నది ఆరోజే తేలుస్తారు. "నా మట్టుకు నాకు నమ్మకం కుదిరింది ధనా. కానీ ఫైల్లో మీ బడి వాళ్ల మొదటి కాగితం ఉండాది. నీకు అర్హత లేదని, పిల్లలకి భద్రత లేదని. కమిటీ అదే చదువుతాది. మీ పిన్ని నిన్ను మెచ్చుకుంటా రాసేది నాకొద్దు. ఆ కాగితం ఎందుకు రాసినారో నిజం రాసిచ్చేది కావాల" అన్నాడు. నా చదువేమిటో అడిగాడు. పది పాసు, ఇంటర్ రెండు పేపర్లు తప్పాను అని ఆయన మొహం మీదే చెప్పాను. ఆయన నవ్వలేదు, రాసుకున్నాడు.

నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఇక నీ దగ్గరే ఆగింది.

పిల్లల ముందు వేరు, ఆఫీసు ముందు వేరు అన్నావు. నాకు అర్థం కాలేదు పిన్నీ. ముప్పై కళ్లు చూస్తుండగా రెండో తరగతి పిల్ల ఒప్పు, నేను తప్పు అన్నదానివి. దానికంటే కష్టమా ఒక కాగితం? మెమో వస్తుంది అంటావు. వస్తుందేమో. సంజాయిషీ అడిగితే మాలకొండయ్య మామ దురాయి సంగతి రాయి, బుధవారం రెండుసార్లు ఆయన గుమ్మం తొక్కావని రాయి. నువ్వు బడి మూసి జాతరలో కూర్చోలేదు, పిల్లల కోసం ఊరితో పోట్లాడి ఓడిపోయావు. అది దాచుకోవాల్సిన సంగతా? నువ్వు దాచుకున్నందుకు నెల రోజులుగా ఫైల్లో తప్పు నాదిగా ఉంది. నీకు ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. నాకు ఉన్నది వారానికి ఒక్క శుక్రవారం, అది కూడా ఇంకా నా చేతికి రాలేదు.

సెప్టెంబరు పన్నెండో తేదీకి కాయ ముదురుతుంది. ఇరవై ఆరు మందీ ఎవరి మొక్క వాళ్లు పీకాలి. సరైన బస్సులో, నీతో, బడి పేరుతో రావాలి. ఆ కాగితం లేకపోతే మొక్కలు జీవానందం సార్ పీకిస్తాడు, పిల్లలు తాడు ఇవతల నిలబడి చప్పట్లు కొడతారు.

నాకు కావాల్సింది ఇది. బడి కాగితం మీద, ముద్రతో, నీ చేత్తో. పద్దెనిమిదో తేదీన పిల్లలు రాకపోవడానికి కారణం గంగమ్మ జాతర అని. విద్యార్హత అన్నది అబద్ధమని. ఆ మార్గదర్శి నీ అక్క కూతురని, ఆమెను నువ్వు అడగకుండా రాశావని. పొగడ్త ఒక్కటి ఉన్నా చించేస్తాను. ఇది నీ చేతి నుంచే రావాలని ఇంకా అడుగుతున్నాను, అడగడం ఇదే ఆఖరు.

గురువారం, ఇరవై ఒకటో తేదీ పొద్దున, నాగులమ్మ అత్త ఇక్కడ తట్ట దించేసరికి అది నా చేతిలో ఉండాలి. లేకపోతే శుక్రవారం పదింటికి కమిటీ ముందు ఆ కారణం నేనే చెబుతాను, నీ పేరుతో సహా. రాస్తావా, రాయవా? గురువారం పొద్దున లోపు చెప్పు.

ధనలక్ష్మి